గోడ కట్టే కణం

కోల్‌కతాలోని సాల్ట్ లేక్‌లో బోస్ సంస్థ ప్రాంగణం ఉంది. మొక్కలు ప్రేరణలకు స్పందిస్తాయని ప్రయోగాలతో చూపిన జగదీశ్ చంద్ర బోస్ 1917లో నెలకొల్పిన సంస్థ ఇది. మరి, కవచం ఒలిచేస్తే ఒక్క కణం ఎలా స్పందిస్తుందో మీకు తెలుసా?

1892లో క్లెర్కర్ గాఢ ద్రావణంలో ముడుచుకున్న కణాలను కత్తితో కోసి, కవచంలేని కణాలను బయటికి తీశాడు. వీటినే ప్రోటోప్లాస్టులు అంటారు. కాని దొరికినవి కొన్నే. 1960లో ఇంగ్లండులో కాకింగ్, బూజు నుంచి తీసిన సెల్యులేజ్ ఎంజైముతో టమాటా వేరు కణాల కవచాన్ని కరిగించాడు. 1970లో జపానులో నగాటా, తకెబె పొగాకు ప్రోటోప్లాస్టులు కొత్త కవచం కట్టుకుని విభజన చెందుతాయని చూపారు. 1971లో అలాంటి కణాల నుంచి నిండు మొక్కలే వచ్చాయి.

పరాగరేణువు సంగతి వేరు. దాని పైపొరలోని స్పోరోపొల్లెనిన్ ఈ ఎంజైములకు లొంగదు. అందుకే రేణువును మొలకెత్తించి, బయటికి వచ్చే పరాగనాళం కవచాన్ని కరిగిస్తారు. నాళం కొనలో పెక్టిన్, దాని వెనుక కాలోజ్ ఎక్కువ కనుక వాటికి తగిన ఎంజైములు కావాలి. కవచం పోగానే గొట్టంలోని జీవపదార్థం గుండ్రని బంతి అవుతుంది. తగిన ద్రావణంలో ఉంచితే మళ్లీ కవచం అల్లుకుంటుంది.

1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కలో చూసినవి ఖాళీ గోడలే. ఆ గోడ కట్టే మేస్త్రీ లోపలి జీవపదార్థమేనని ప్రోటోప్లాస్టులు మన కళ్లకు కట్టాయి.