ఏరియా ఎవరిది? దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద అమ్మకం పని చరిత్ర

చాదర్‌ఘాట్ వంతెన దాటాక మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా సాగే రోడ్డు గురించి హైదరాబాదీలు మాట్లాడితే, అక్కడ ఏం కొనొచ్చో చెప్తారు. పెళ్లి చీరలు, బంగారం, కంప్యూటర్ కోర్సులు, ఇంటర్మీడియట్ సీట్లు, విజయవాడ హైవే పక్కన ప్లాట్లు. అమ్మేవాళ్ల సంగతి పెద్దగా ఎవరూ ఎత్తరు. ఎత్తినా అది ఉపదేశమే అవుతుంది: మంచినీళ్లు తాగు, పొద్దున్నే నడువు, టార్గెట్‌ను ఒత్తిడిగా కాక సవాలుగా చూడు, పనిని ప్రేమించు. 1990ల నుంచి వ్యక్తిత్వ వికాస పుస్తకాలూ శిక్షణ తరగతులూ తెలుగులో వెల్లువెత్తాక ఈ మాట మరీ ఎక్కువైంది. ఈ రోడ్డు చరిత్ర మాత్రం మరో సంగతి చెప్తోంది. అమ్మకందారుకు ఒంట్లో ఓపిక, పనిలో తృప్తి నిలిచాయా లేదా అన్నది అతని మనస్తత్వం కన్నా మూడు హద్దులను బట్టి తేలింది: తిరగాల్సిన ఏరియా ఎంత, పని గంటలు ఎన్ని, కొన్నవాడు మళ్లీ ఎదురుపడతాడా.

దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ అనే జాగీర్దారు పొలాలు ప్లాట్లయి ఆయన పేరే ఊరి పేరయిందని ఇక్కడ చెప్పుకుంటారు. 1975లో పట్టణాభివృద్ధి సంస్థ హుడా వచ్చాక సరూర్‌నగర్ చుట్టూ కాలనీలు పెరిగాయి. వాటిలో పోస్టల్, టెలిఫోన్, సచివాలయ ఉద్యోగుల వంటి నెలజీతగాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్బీనగర్ 2007లో జీహెచ్ఎంసీలో కలిసేదాకా వేరే మున్సిపాలిటీ. విజయవాడ రోడ్డు, నాగార్జునసాగర్ రోడ్డు అక్కడే చీలతాయి కాబట్టి నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సుల్లో వచ్చేవాళ్లకు నగరం అక్కడే మొదలవుతుంది. దీనివల్ల ఈ బజారుకు మొదటి నుంచీ రెండు రకాల గిరాకీ. కాలనీ మనిషి ప్రతి నెలా ఎదురుపడతాడు, కాబట్టి అతనికి అబద్ధం చెప్తే వచ్చే నెల మొహం చూపించలేం. బస్సు దిగిన మనిషి మళ్లీ పెళ్లికో పండక్కో తప్ప రాడు. ఒకరి దగ్గర జ్ఞాపకం పెట్టుబడి, రెండోవారి దగ్గర వేగమే పెట్టుబడి. నలభై ఏళ్లలో ఈ రోడ్డు మీద అమ్మకం పని మొదటిదాని నుంచి రెండోదానికి జరుగుతూ వచ్చింది. అమ్మేవాళ్ల ఒంటి మీద ఆ మార్పు గుర్తులున్నాయి.

బట్టల కొట్టుతోనే మొదలుపెడదాం. పాత కొట్లో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద గుమాస్తా బాసిపట్టు వేసుకుని కూర్చునేవాడు, కొనేవాళ్లు ఎదురుగా కూర్చునేవారు, చీరలు మధ్యలో విప్పుకునేవి. నాలుగంతస్తుల షోరూము వచ్చాక పరుపు పట్టుచీరల విభాగానికి పరిమితమై, మిగతా అంతస్తుల్లో కౌంటరు వెనక నిలబడటం ఉద్యోగమైపోయింది. నిలబడటం చిన్న విషయమేమీ కాదు. కెనడాలోని ఒంటారియోలో ఏడు వేల మందికి పైగా కార్మికులను పన్నెండేళ్లు గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువగా కూర్చుని చేసే పనులవాళ్లతో పోలిస్తే నిలబడి చేసే పనులవాళ్లకు గుండెజబ్బు ముప్పు సుమారు రెట్టింపుగా తేలింది. బ్రిటన్‌లో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లకు ఆసనాలు వేయాలన్న చట్టం 1899లోనే వచ్చింది. మన దేశంలో ఆ హక్కు కోసం కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల ఆడవాళ్లు ఏళ్లతరబడి పోరాడితే 2018లో కేరళ చట్టం సవరించింది, 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. పాతరోజులను మరీ మెచ్చుకుంటున్నానని ఎవరైనా అనొచ్చు, ఆ అభ్యంతరంలో నిజముంది. పరుపు మీది గుమాస్తాకు పొద్దుపోయేదాకా పనే, సెలవు యజమాని దయ, కొలువు దొరకాలంటే చుట్టరికమో కులమో ఉండాల్సి వచ్చేది, ఆడవాళ్లకు అసలు చోటే లేదు. అందుకే 1966లో ఒకసారి, 1988లో మరోసారి షాపుల చట్టాలు చేయాల్సి వచ్చింది. నేనంటున్నది పాత యజమాని మంచివాడని కాదు. పాత పనిలో కూర్చునే చోటు పనిలోనే ఉండేది, కొత్త పనిలో దాన్ని చట్టం పెట్టి తెచ్చుకోవాల్సి వస్తోంది.

ఈ రోడ్డు మీద కార్పొరేట్ అమ్మకం పనికి అసలైన చరిత్ర మాత్రం బ్యాగు పట్టుకుని తిరిగిన మనిషిది, మెడికల్ రిప్రజెంటేటివ్‌ది. మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా క్లినిక్కులూ నర్సింగ్ హోములూ వరసగా ఉంటాయి, చౌరస్తా దాటితే నల్లగొండ లైను. హెడ్‌క్వార్టర్స్, ఎక్స్‌స్టేషన్, ఔట్‌స్టేషన్ అని ఏరియాను విడగొట్టి, నెల మొదలవకముందే టూర్ ప్రోగ్రామ్ రాసి, రోజు చివర డీసీఆర్ అనే రోజువారీ కాల్ రిపోర్టు నింపడం అతని పద్ధతి. చట్టం దృష్టిలో మాత్రం అతను చాలాకాలం కార్మికుడు కాడు, ఆఫీసరూ కాడు. 1961లో మే అండ్ బేకర్ కంపెనీ కేసులో, అమ్మకాలు రాబట్టడమే ముఖ్యమైన పని కాబట్టి అలాంటి ఉద్యోగి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పే కార్మికుడు కాడని సుప్రీంకోర్టు తేల్చింది. 1963లో రిప్రజెంటేటివ్‌ల అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. వాళ్ల అర్జీ రాజ్యసభ అర్జీల కమిటీ దాకా వెళ్తే, వీళ్లకు రక్షణ కావాలని 1972లో ఆ కమిటీ చెప్పింది. చివరికి సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం 1976లో వచ్చింది.

ఆ చట్టంలోని లెక్కలు చూడండి. డ్యూటీలో గడిపిన కాలంలో పదకొండో వంతుకు తగ్గకుండా పూర్తి జీతంతో ఆర్జిత సెలవు, సర్వీసులో పద్దెనిమిదో వంతుకు తగ్గకుండా సగం జీతంతో వైద్య సెలవు, వీటికి తోడు క్యాజువల్ సెలవులు, రాతపూర్వకంగా నియామక పత్రం. తిరిగే మనిషికి జ్వరం వస్తే ఆ రోజు డీసీఆర్ ఖాళీగా ఉండొచ్చని మొదటిసారి చట్టం ఒప్పుకుంది. ఆరోగ్యం గురించి ఎన్ని తరగతులు చెప్పినా ఈ ఒక్క పద్దెనిమిదో వంతుకు సాటిరావు. 1994లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అమ్మకం ప్రచారం పాత చట్టపు పనుల జాబితాలో లేదనీ ఈ ఉద్యోగులకు దారి 1976 చట్టమే అనీ మళ్లీ స్పష్టం చేసింది. ఆ చట్టమేమో చాలాకాలం మందుల పరిశ్రమకే పరిమితం. 2011లో సబ్బులు, శీతల పానీయాలు, బిస్కెట్లు, రంగుల వంటి మరికొన్ని పరిశ్రమలకు వర్తింపజేశారు. బీమా, బ్యాంకు కార్డులు, చదువుల అమ్మకం అందులోకి రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో యువత ఎక్కువగా చేరిన అమ్మకం ఉద్యోగాలు సరిగ్గా అలా బయట మిగిలినవే.

టార్గెట్ అనేది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. అమెరికాలోని డేటన్ పట్టణంలో జాన్ ప్యాటర్సన్ 1884లో నగదు యంత్రాల కంపెనీ కొని, అమ్మకందారులకు కోటాలు పెట్టడాన్ని ఒక శాస్త్రంలా నడిపాడు. కోటా కథ అందరూ చెప్తారు. దానితో పాటే ఆయన ఇచ్చిన రెండోదాన్ని వదిలేస్తారు. ఒక్కో ఏజెంటుకు గ్యారంటీ ఏరియా ఉండేది, ఆ ఏరియాలో యంత్రం ఎలా అమ్ముడుపోయినా కమీషన్ అతనిదే. ప్యాటర్సన్ మెత్తని మనిషేమీ కాదు, పుణ్యానికి చేసిన పనీ కాదు. తన పొలమని నమ్మినవాడే దుక్కి బాగా దున్నుతాడని లెక్క వేసుకున్నాడు. మన దగ్గరికి టార్గెట్ వచ్చింది గానీ గ్యారంటీ సన్నగిల్లింది. ఒకే మందుల కంపెనీ తన మందులను డివిజన్లుగా విడగొట్టి ఒకే డాక్టరు గుమ్మానికి ఇద్దరు ముగ్గురు రిప్రజెంటేటివ్‌లను పంపుతుంది. ఏరియా కాగితం మీద ఉంటుంది, గది బయట బెంచీ మీద సొంత కంపెనీవాడే పోటీ.

ఇక్కడొక అభ్యంతరం సహజం: అమ్మకం పని గడియారానికీ సరిహద్దుకూ లొంగేది కాదు, కమీషనంటేనే స్వేచ్ఛ, కష్టపడేవాడు ఎక్కువ సంపాదిస్తాడు, హద్దులు పెడితే చురుకైనవాడి కాళ్లు కట్టేసినట్టే. దీనికి జవాబు ఎల్‌ఐసీ ఏజెంటు. 1956లో జీవిత బీమా సంస్థ పుట్టినప్పటి నుంచీ అతనికి జీతం లేదు, 1976 చట్టం అతన్ని తాకలేదు. అయినా ఉద్యోగుల కాలనీల్లో ముప్పై ఏళ్లు ఇదే పని చేసినవాళ్లు కనిపిస్తారు. కారణం కమీషన్ తీరులో ఉంది. మొదటి ఏడాది కమీషన్ పెద్దదే అయినా పాలసీ నడిచినంతకాలం రెన్యువల్ కమీషన్ వస్తూనే ఉంటుంది, కొన్ని షరతులతో ఏజెంటు పోయాక వారసులకు కూడా చెల్లుతుంది. అంటే నిన్నటి పని ఇవాళ కూడా తిండి పెడుతుంది. అందుకే అతను పాలసీదారు ఇంట్లో పెళ్లికి వెళ్తాడు, చావుకు వెళ్తాడు, క్లెయిం కాగితాలు తానే నింపుతాడు. అందరూ అంత నికార్సుగా ఉన్నారని కాదు, పనికిరాని పాలసీలు అంటగట్టినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ కమీషన్ తీరు జ్ఞాపకానికి కూలి కట్టింది. కాబట్టి కమీషన్ వేరు, ప్రతి నెలా ఒకటో తారీఖున సున్నా నుంచి మొదలుపెట్టడం వేరు. మనిషిని అరగదీసేది రెండోది. హద్దును చట్టం ఇవ్వొచ్చు, జీతం కట్టే పద్ధతి ఇవ్వొచ్చు, ఏదో ఒకటి ఇవ్వాలి.

ఆ సున్నాను చూడాలంటే కార్పొరేట్ కాలేజీ పీఆర్వోను చూడాలి. పదో తరగతి పరీక్షలు అయ్యీ కాకముందే ఫోన్ నంబర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగే పని అది. చాలాచోట్ల పాఠం చెప్పే లెక్చరర్ చేతిలోనే అడ్మిషన్ టార్గెట్ పెడతారు. ఏడాదికో బ్యాచ్, మళ్లీ కొత్త ముఖాలు. ప్లాట్లు అమ్మే టెలికాలర్ పని ఇంకా దయలేనిది. ఇందులో ఒక వింత ఉంది: రాత్రి 9 నుంచి పొద్దున 9 దాకా వ్యాపార కాల్స్ చేయకూడదని టెలికాం నియంత్రణ సంస్థ 2010 నిబంధనలలో పెట్టింది, అంటే వినియోగదారుడి రాత్రికి కాపలా దొరికింది. కాల్ చేసేవాడి రాత్రి మాత్రం వాట్సాప్ గ్రూపులో మేనేజరుకు రోజువారీ లెక్క అప్పజెప్పడంతో గడుస్తుంది.

ఇక మిగిలిన అభ్యంతరం బలమైనది. వ్యవస్థ ఎలా ఉన్నా నడక, వేళకు తిండి, నిద్ర మనిషి చేతిలోవే కదా? కొంతవరకు చేతిలోవే. కానీ నడక మేలు చేస్తుందని వైద్యానికి గట్టిగా చెప్పిన పరిశోధననే చూడండి. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చునే డ్రైవర్ల కన్నా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెర్రీ మోరిస్ 1953లో చూపించాడు. ఆ కండక్టర్లు వ్యాయామం చేద్దామని మెట్లెక్కలేదు, టికెట్లు కొట్టడానికి ఎక్కారు. పని ఆకారమే వాళ్లను కాచింది. అలాగే పని ఆకారమే చెడగొడుతుంది కూడా: వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు 35 నుంచి 40 గంటల వాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి. రాత్రి పదింటికి షట్టరు దించి ఇంటికి చేరేవాడికి పొద్దున్నే నడవమని చెప్పడం, నిద్రలోంచి ఒక గంట కోసి కాళ్లకు ఇవ్వమనడమే. తృప్తికీ ఇదే వర్తిస్తుంది. కానుకలు, ప్రయాణాలు ఇచ్చి డాక్టర్లను ఒప్పించవద్దని 2024 మార్చిలో కేంద్రం మందుల కంపెనీలకు నియమావళి తెచ్చింది. దాన్ని పాటిస్తే ముందు మేలు కలిగేది రిప్రజెంటేటివ్‌కే, మందు గురించి తెలిసినవాడిగా మాట్లాడే పాత గౌరవం తిరిగొస్తుంది.

చట్టం ఇప్పుడు రెండు దిక్కులా కదులుతోంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగి ఎట్టకేలకు కార్మికుడి నిర్వచనంలోకి వచ్చాడు, నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలన్న మాటా ఉంది. మరోపక్క తెలంగాణ ప్రభుత్వం 2023లో షాపులు ఇరవై నాలుగు గంటలూ తెరవడానికి వీలిచ్చింది, 2025 జూలైలో వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటల దాకా పని చేయించుకునే సడలింపు ఇచ్చింది. ఆ సడలింపులో షాపులను కలపలేదు. అమ్మకం ఉద్యోగానికి ఈ రోడ్డు మీద ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు జీతం ఎంతని అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: నా ఏరియాలో ఇంకెవరు అమ్ముతారు, పోయిన ఏడాది నేను తెచ్చిన గిరాకీ మీద ఈ ఏడాది నాకేమైనా వస్తుందా. జవాబు చెప్పలేని కంపెనీలో చేరాల్సి వస్తే చేరండి గానీ, అక్కడ అలసిపోతే తప్పు మీదేనని ఎవరు చెప్పినా నమ్మకండి.