భీముడి సైన్యానికి ఏ రంగు?

చరిత్ర రాసేవాడికి ఒక సౌకర్యం ఉంది. చాళుక్య భీముడు చతురంగ బలాలతో కదిలాడు అని ఒక్క వాక్యం రాసి తర్వాతి పేజీకి వెళ్ళిపోవచ్చు. పదిహేను మిల్లీమీటర్ల తగరపు సైనికుణ్ణి రెండువేళ్ళ మధ్య పట్టుకుని రంగు వేయబోయేవాడికి ఆ వీలు లేదు. తలపాగా ఏ రంగు? డాలు తోలుదా, చెక్కదా? ఒంటిమీద చొక్కా ఉందా? తెలియదంటే కుదరదు. ఖాళీగా వదిలేసినా బొమ్మ ఏదో ఒక రంగులోనే కనిపిస్తుంది కదా.

బల్లమీద యుద్ధాలాడే ఈ సరదా మనకి మరీ పరాయిదేమీ కాదు. చదరంగం అన్న మాటలోనే నాలుగు అంగాల సైన్యం ఉంది. బొమ్మల్ని నిజమైన నేల లాంటి పటం మీద నడిపించడం మాత్రం యూరప్‌లో మొదలైంది. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి 1824లో సైనికాధికారుల శిక్షణ కోసం అలాంటి ఆటకి నియమాలు అచ్చువేశాడు. 1913లో హెచ్. జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అనే పుస్తకంతో దాన్ని ఇంట్లో నేలమీద ఆడుకునే ఆటగా మార్చాడు. ప్రాచీన సైన్యాలకి ఇప్పుడు బాగా ఆడే నియమావళుల్లో ఒకటి 1990లో వచ్చిన 'డి బెల్లిస్ యాంటిక్విటాటిస్'. అందులో ఒక్కో పక్షానికీ పన్నెండే దళాలు. ఏనుగు ఒక దళం, ముగ్గురు రౌతులు ఒక దళం, అలాగ. మొత్తం నలభైకి అటూఇటూ బొమ్మలు. ఉద్యోగం చేసుకునేవాడు రాత్రిపూట కూర్చుని పూర్తి చేయగల సైన్యం.

రోమన్లనో మాసిడోనియన్లనో వేసేవాళ్ళకి పుస్తకాలు బోలెడు. వేంగి చాళుక్యుల్ని వేద్దామనుకుంటే చేతిలో ఏముంది?

ముందు సామర్లకోట చూద్దాం. చాలామందికి అది కాకినాడకి రైలు మారే స్టేషను. ఊళ్ళో రెండంతస్తుల భీమేశ్వరాలయం ఉంది, పంచారామాల్లో కుమారారామం. కట్టించినవాడిగా చెప్పేది 892 నుంచి సుమారు 921 దాకా వేంగిని ఏలిన మొదటి చాళుక్య భీముణ్ణి. ఆయన 360 యుద్ధాలు గెలిచాడని, తన పేరుతో భీమేశ్వరుణ్ణి నిలిపాడని పిఠాపురంలో మల్లపదేవుడి స్తంభశాసనం చెబుతుంది. శాసనం 1202 నాటిది, అంటే భీముడు పోయిన దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాతది. ఆయన ముత్తాత నరేంద్రమృగరాజు పన్నెండేళ్ళలో 108 యుద్ధాలు చేసి 108 శివాలయాలు కట్టించాడంటారు. లెక్కలు మరీ ఇంత గుండ్రంగా ఉంటే నాకు అనుమానం. అయితే ఒక్క యుద్ధాన్ని మాత్రం అనుమానించలేం, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇన్ని యుద్ధాలు చేసిన రాజు గుళ్ళో సైనికుల బొమ్మలు వెతికితే పెద్దగా దొరకవు. గోడల మీద అర్ధస్తంభాల వరసే ఎక్కువ. కుడ్యచిత్రాలూ లేవు. ఐదో శతాబ్దపు అజంతాలో రంగులున్నాయి, పదకొండో శతాబ్దపు తంజావూరులో ఉన్నాయి. మన భీముడు సరిగ్గా ఆ రెంటి మధ్య ఖాళీలో పడ్డాడు. కాబట్టి ఆకారం రాళ్ళలో, రంగు ఇంకెక్కడైనా వెతుక్కోవాలి.

ఆకారానికి నాకు బాగా పనికొచ్చింది బెజవాడ. ఇంద్రకీలాద్రి మీద త్రికోటిబోయ నిలిపిన స్తంభం ఉంది, తొమ్మిది పది శతాబ్దాలది, దానిమీద కిరాతార్జునీయం చెక్కి ఉంది. అంటే విలుకాళ్ళ కథని ఒక బోయ రాతిలో చెక్కించాడు. భీముడి పినతండ్రో పెదతండ్రో అయిన గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలు గెలిచాడని అద్దంకి శాసనం చెబుతుంది. ఓడిపోయిన బోయలు ఆ తర్వాత వేంగి సైన్యంలో విలుకాళ్ళుగా చేరి ఉంటారనుకోవడం నా ఊహే, కానీ పన్నెండు దళాల ఆటలో రెండు దళాలు వాళ్ళకిచ్చాను. వీరగల్లుల్లో కనిపించే మామూలు పదాతికి బిగించి కట్టిన గోచీపంచె, కత్తి, డాలు. పైన ఏమీ లేదు. జానపద సినిమాల తళుకు కవచాలు గానీ, ఈమధ్య సినిమాల్లో భటులు వేసుకునే రోమన్ వాటం తోలుపలకలు గానీ ఆ రాళ్ళలో కనబడవు. రథాలు తీసేశాను. అప్పటికి అవి పురాణాల్లోనూ శిల్పాల్లోనూ తప్ప యుద్ధంలో లెక్కకొచ్చేవి కావు. మన చదరంగంలో శకటు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ఏనుగు మీద అంబారీ కూడా తీసేశాను. కొండపల్లి అంబారీ ఏనుగు చూసి పెరిగిన కంటికి అది వెలితే, కానీ పాత శిల్పాల్లో మనుషులు ఎక్కువగా ఏనుగు వీపుమీదే కాళ్ళు చెరోపక్కా వేసుకుని కూర్చుంటారు.

ఇక రంగు. దీనికి మళ్ళీ సామర్లకోటకే రావాల్సి వచ్చింది, అదీ గుడి కోసం కాదు. 1781లో ఇక్కడి ఈస్టిండియా కంపెనీ దండుకి వైద్యుడిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్ళేదాకా ఇక్కడే తోటవేసి మొక్కలు పరిశీలించాడు. స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించాడు. అందులోంచి 300 చిత్రాలు 'కోరమాండల్ తీరపు మొక్కలు' పేరుతో 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. పుస్తకం మీద రాక్స్‌బర్గ్ పేరుంది, అచ్చువేయించిన జోసెఫ్ బ్యాంక్స్ పేరుంది. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు లేవు. మొదటి సంపుటంలోనే చిరివేరు ఉంది. ఇసకనేలల్లో పెరిగే చిన్న మొక్క, దాని వేరునుంచే ఈ తీరం బట్టలకి ఎరుపు వచ్చేది. అంకుడు ఆకుల నుంచి నీలిమందు తీయడం గురించీ రాక్స్‌బర్గ్ రాశాడు. ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఆ అంకుడు కర్రతోనే.

భీముడికీ రాక్స్‌బర్గ్‌కీ మధ్య దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు. ఈ పుస్తకం చూపించి భీముడి భటులు ఎర్రపాగాలు కట్టారని నేను వాదించను. కానీ నూలుబట్టకి వేళ్ళతో ఎరుపు ఎక్కించడం మొహెంజొదారో నాటికే తెలిసిన విద్య. ఈ నేలమీద దొరికే చిరివేరు ఎరుపు, నీలి, పసుపు, వీటితో బాటు కోరాబట్ట తెలుపు నా పరిధి. వృత్తి నేర్పిన అలవాటుకొద్దీ ప్రతి రంగు పక్కనా ఆధారం రాస్తూ ఒక ఎక్సెల్ షీటు పెట్టుకున్నాను. సగం గళ్ళలో 'ఊహ' అనే ఉంది.

నిజానికి ఎక్కువ పని ఆ రంగులతో కాదు, ఒంటిరంగుతో, తెలుపుతో. బయటివాళ్ళ పాఠాలన్నీ ఇనుపకవచం మెరిపించడం గురించే. మన సైన్యంలో ముప్పావు వంతు చర్మం. 'ఫ్లెష్' అని రాసి అమ్మే రంగుసీసా తెరిస్తే గులాబీ! గోధుమరంగు మీద ఇంకో గోధుమరంగు, ఒక్కొక్కడికి కాస్త తేడాగా కలుపుకోవాల్సిందే. తెలుపైతే మొదటే వేయకూడదు. ప్రైమర్ మీద బూడిదా మట్టీ కలిసిన రంగు వేసి, మడతల్లో దాన్ని అలాగే వదిలి, పైఅంచుల మీద మాత్రం తెలుపు తాకించాలి. నెలలపాటు దండులో తిరిగినవాడి పంచె చాకలి ఇంటినుంచి వచ్చినట్టు ఉండదు కదా.

అసలు చిక్కు శత్రువుతో వచ్చింది. భీముడి మీదికి వచ్చినవాడు రాష్ట్రకూట రెండో కృష్ణుడు. అతని సామంతులు వేములవాడ చాళుక్యులు. వాళ్ళ బద్దెగ భీముణ్ణి నీళ్ళలో మొసలిని పట్టినట్టు పట్టుకున్నాడని పంప మహాకవి 941 నాటి తన కన్నడ భారతంలో చెప్పుకున్నాడు. భీముడికి సాయపడిన కుసుమాయుధుడు ముదిగొండ చాళుక్యుడు. మూడు దిక్కులా చాళుక్యులే! ఆటలో ఎదురెదురుగా నిలబెట్టిన రెండు సైన్యాలూ ఒకే బట్టలో, ఒకే ఒంటిరంగులో ఉంటాయి. నియమాల ప్రకారం ఆటగాడికి ఎవరెవరో తెలియాలి గనక జెండాలు మార్చాను. వేంగి రాగిరేకుల ముద్రమీద ఉన్న వరాహం, అంకుశం ఒకవైపు, రాష్ట్రకూటుల గరుడుడు రెండోవైపు. జెండా కర్ర విరిగితే ఆట ఆగిపోతుంది, ఎవడు ఎవడో చెప్పలేం.

అనుమానించలేనన్న యుద్ధం పెరువంగూరుది. నిరవద్యపురం, అంటే నిడదవోలు, దగ్గరా పెరువంగూరులోనూ రాష్ట్రకూట సేనతో జరిగిన పోరులో భీముడి కొడుకు ఇరిమర్తిగండ ఏనుగు మీదున్న దండెన గుండయ అనే సేనానిని చంపి తానూ చచ్చిపోయాడు. ఆ సంగతి తండ్రి శాసనమే చెబుతుంది, వయసుతో సహా. మూడువందల అరవైలో ఇదెన్నోదో గానీ, గుండ్రంగా లేని అంకె ఇదొక్కటే దొరికింది నాకు.

ఇరిమర్తిగండకి పాగా చిరివేరు ఎరుపు వేశాను, షీటులో 'ఊహ' అని రాశాను. మిగతా బొమ్మలన్నిటికీ సన్నకుంచెతో మీసం గీశాను. ఇతనికి గీయలేదు. పదహారేళ్ళు.