ఉప్పు కొఠారు చెప్పే కథ



సూళ్లూరుపేట, గుమ్మిడిపూండి మీదుగా రైల్లో చెన్నై సెంట్రల్‌కు వెళ్లే మీలో చాలామందికి ఆ స్టేషను దగ్గరి 'సాల్ట్ కొటార్స్' గూడ్సు యార్డు పేరు పరిచయమే. ఆ రెండో మాటను తెలుగులో పలికి చూడండి. కొఠారు అంటే సరుకు నిల్వచేసే చోటు. ఒకప్పుడు అక్కడ ఉప్పు కొఠార్లు ఉండేవి. బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో కూడా మద్రాసుకు ఉప్పు వచ్చేది.

అయితే ఆ ఉప్పు మీద పెత్తనం ఎవరిది? 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధికారం కిందికి తెచ్చుకున్నది. సముద్రం ఒడ్డునే ఉన్న పేదవాడు సొంతంగా ఉప్పు వండుకుంటే నేరమైంది. అందుకే 1930లో గాంధీజీ దండిలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించినప్పుడు మద్రాసు కూడా కదిలింది. ఇక్కడ టంగుటూరి ప్రకాశం, కాశీనాథుని నాగేశ్వరరావు, దుర్గాబాయి సత్యాగ్రహానికి దిగారు. చివరకు 1947లో ఉప్పు పన్ను రద్దయింది.

ఇంతకూ ఆ ఉప్పులో ఏమున్నది? సోడియం, క్లోరిన్. ఉప్పునీటిలోకి విద్యుత్తు పంపితే కాస్టిక్ సోడా, క్లోరిన్, హైడ్రోజన్ వస్తాయి. కాస్టిక్ సోడా సబ్బుకూ కాగితానికీ, క్లోరిన్ తాగునీటి శుద్ధికీ పనికివస్తాయి. ఉప్పు, సున్నపురాయి మూలంగా తయారయ్యే చాకలి సోడా గాజు పరిశ్రమకు ఆధారం. పూర్వం మన చాకళ్లు చౌడుమట్టితో బట్టలు తెల్లగా ఉతికింది అందులోని సోడా బలంతోనే. ఇక వంటసోడా కడుపులోని ఆమ్లాన్ని అణచుతుంది.

వైద్యంలో ఉప్పు విలువ ఇంకా గొప్పది. 1832లో స్కాట్లండులో థామస్ లాటా అనే వైద్యుడు కలరా రోగుల నరాల్లోకి ఉప్పు, సోడా కలిపిన నీటిని ఎక్కించాడు. నేటి సెలైన్ సీసాకు అది తొలి అడుగు. ఇప్పుడు లీటరు సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది.

మీ ఇంట్లో బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం తెచ్చి కలిపి తాగించండి. అది దొరకకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో చెంచా తలంగా కొలిచి 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కొలత తప్పకండి. బిడ్డ నీరసించిపోతే ఆస్పత్రికి తీసుకుపోండి.

పెద్దలకూ ఒక మాట. రోజుకు 5 గ్రాములకు లోపే ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మించితే రక్తపోటు పెరుగుతుంది.

ఒకనాడు చిటికెడు ఉప్పు కోసం మనవాళ్లు జైలుకు వెళ్లారు. ఆ చిటికెడే నేడు ఒక బిడ్డ ప్రాణం నిలుపుతుంది. దాని విలువనూ, కొలతనూ రెండింటినీ గుర్తుంచుకుందాం. సెలవు.