లెక్కల సారు విడమర్చిన 1/70

మన ఏజెన్సీల "1/70 ఉంది కదా" అననోళ్లు లేరు. అందులో ఏమున్నదని అడిగితే మాత్రం చానామంది ఆగిపోతరు.

కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన కె. బాలగోపాల్ సారు ఉద్యోగం విడిచినంక వకీలైండు. 2009లో పోయేదాక ఆదివాసుల భూముల కోసం కోర్టుల వాదించిండు, మీటింగుల్లో చట్టాన్ని మామూలు తెలుగుల విప్పి చెప్పిండు. వకీళ్లలో అట్ల చెప్పేటోళ్లు తక్కువే.

1959 నాటి భూబదలాయింపు నిబంధన తెలంగాణకు 1963లో గానీ రాలేదు. 1970 సవరణతో గిరిజనేతరులు ఒకరికొకరు అమ్ముకోవడం కూడా బందైంది. అసలు బలం ఇంకోచోట ఉన్నది: ఏజెన్సీల గిరిజనేతరుని చేతిలున్న భూమి ఆదివాసీ నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటది. కాదని రుజువు చేసుకునే బరువు ఆయనది, మనది కాదు! చెల్లని కొనుగోలు మీద రెండంతస్తుల బిల్డింగు లేపినా ఆ కొనుగోలు చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. 1997 సమత తీర్పుల, ఏజెన్సీలోని సర్కారు భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకియ్యొద్దన్నది.

ఈ కేసు మొదలయ్యేది సివిల్ కోర్టులో కాదు, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర. ఆ ఆఫీసు మెట్లెక్కే మన పెద్దోళ్ల పక్కన ఎల్ఎల్‌బీ చదివే మనోడు ఒక్కడన్నా ఉంటున్నడా?