పియానో సరసన తొలి స్వేచ్ఛ: ఆర్నెట్ కోల్‌మన్ ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఆల్బమ్, విమర్శకుల అంచనా

అమెరికన్ జాజ్ చరిత్రలో ఆల్టో శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ (1930–2015) స్థానాన్ని నిర్ణయించేటప్పుడు విమర్శకులు సాధారణంగా 1959 నాటి ‘ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’తో మొదలుపెడతారు. అంతకు ముందు ఏడాది కాంటెంపరరీ రికార్డ్స్ సంస్థ విడుదల చేసిన తొలి ఆల్బమ్ ‘సమ్‌థింగ్ ఎల్స్’ను కేవలం పూర్వరంగంగా పేర్కొని ముందుకు సాగుతారు. పియానో ఉండటమే ఆ ఆల్బమ్ లోపమన్నది ఈ వాదన సారాంశం. అయితే కోల్‌మన్ దేని నుంచి విడివడుతున్నారో శ్రోతకు స్పష్టంగా వినిపించేది ఆ పియానో వల్లనే అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో పుట్టి, రిథమ్ అండ్ బ్లూస్ బృందాల్లో వాయిస్తూ లాస్ ఏంజెలెస్ చేరిన కోల్‌మన్, అక్కడ లిఫ్ట్ నడిపే పనిచేస్తూనే సాధన కొనసాగించారు. ఆయన వాదనాన్ని అనేకమంది తోటివారు అపశ్రుతిగా కొట్టిపారేసిన రోజుల్లో, బాస్ వాద్యకారుడు రెడ్ మిచెల్ ఆయన స్వరరచనల కొత్తదనాన్ని గుర్తించి కాంటెంపరరీ అధిపతి లెస్టర్ కోనిగ్‌కు సిఫారసు చేశారు. 1958 ఫిబ్రవరి, మార్చి నెలల్లో డాన్ చెర్రీ (ట్రంపెట్), వాల్టర్ నారిస్ (పియానో), డాన్ పేన్ (బాస్), బిల్లీ హిగ్గిన్స్ (డ్రమ్స్) తోడుగా రికార్డు చేసిన తొమ్మిది రచనలూ కోల్‌మన్‌వే.

అప్పటికి ప్రబలంగా ఉన్న బీబాప్ శైలిలో కార్డులు, అంటే ఏకకాలంలో పలికే స్వరాల సముదాయాలు, ఒక నిర్ణీత వరుసలో ఆవర్తాలుగా తిరుగుతుంటాయి. రాగలక్షణానికి లోబడి కల్పనస్వరాలు పాడే గాయకునిలా, వాద్యకారుడు ఆ వరుసకు లోబడి మనోధర్మం చూపాలి. కోల్‌మన్ తన భార్య, కవయిత్రి జేన్ కోర్టెజ్ పేరు పెట్టిన ‘జేన్’ రచనకు ‘అవుట్ ఆఫ్ నోవేర్’ అనే పాత పాట కార్డుల వరుసే ఆధారం. నారిస్ ఆ కార్డులను వాటి వాటి స్థానాల్లో పలికిస్తుండగా, శాక్సఫోన్ మాత్రం వాక్యం ఎక్కడ ముగియాలన్నది ఆవర్తపు లెక్కను బట్టి కాక, రాగగతిని బట్టి తేల్చుకుంటుంది. 12 మాత్రాఖండాల బ్లూస్ చట్రంలో సాగే ‘వెన్ విల్ ద బ్లూస్ లీవ్?’లో స్వరాలను మానవకంఠంలా వంచి పలికించడం ఈ స్వేచ్ఛకు మరో పార్శ్వం.

ఆల్బమ్ అట్ట మీది వ్యాసం రాసిన నాట్ హెంటాఫ్ ఈ సంగీతాన్ని సానుభూతితో పరిచయం చేశారు. మరుసటి ఏడాది పియానో లేకుండా వచ్చిన ‘టుమారో ఈజ్ ద క్వశ్చన్!’, ఆపై 1959 నవంబరులో న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ జాజ్ క్లబ్‌లో మొదలైన కచేరీలు వివాదాన్ని తారస్థాయికి తీసుకువెళ్లాయి. జాన్ లూయిస్, గుంథర్ షుల్లర్ వంటి సంగీతకారులు సమర్థించగా, రాయ్ ఎల్డ్రిడ్జ్, మైల్స్ డేవిస్ వంటి ట్రంపెట్ వాద్యకారులు సందేహించారు. వివాదమంతా పియానో లేని బృందం చుట్టూ తిరగడంతో తొలి ఆల్బమ్ మరుగున పడింది.

నారిస్ కార్డులకూ కోల్‌మన్ స్వరగతికీ కొన్నిచోట్ల పొసగని మాట నిజమే. అయినా 1960లో శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్, డాన్ చెర్రీ కలిసి రికార్డు చేసి, 1966లో ‘ది అవాంట్ గార్డ్’ పేరుతో వెలువడిన ఆల్బమ్‌లో ‘ది బ్లెసింగ్’, ‘ది ఇన్విజిబుల్’ రెండూ ఈ తొలి ఆల్బమ్ రచనలే. విమర్శకులు పూర్వరంగంగా చూసినదాన్ని సాటి వాద్యకారులు సంపూర్ణ రచనలుగా స్వీకరించారు. ‘సమ్‌థింగ్ ఎల్స్’ విషయంలో వాద్యకారుల తీర్పే సరైనది.