కుంచం ఎవరి చేతిలో ఉంది? – కొరియా వరి చరిత్ర

పంట పెరిగితే పండించినవాడి కడుపు నిండుతుందా? పల్లెటూళ్లో ఎవరినడిగినా ఈ ప్రశ్నకు వెంటనే అవునని చెప్పరు. ఆ తటపటాయింపు ఎంత న్యాయమైందో కొరియా చరిత్ర రుజువు చేస్తుంది.

1918లో జపాన్‌లో బియ్యం ధరలు మండిపోయి అల్లర్లు చెలరేగాయి. బెదిరిన పాలకులు తమ వలస అయిన కొరియా పొలాల మీద కన్నేశారు. అప్పటికే అక్కడ భూమి సర్వే పూర్తయింది. కాగితం ఉన్నవాడు హక్కుదారుడయ్యాడు. తరతరాలుగా దున్నినవాడి సాగు హక్కు చెల్లలేదు. 1920లో బియ్యం ఉత్పత్తి పెంపు పథకం మొదలైంది. కాలువలు తవ్వారు, కొత్త వంగడాలు, ఎరువులు తెచ్చారు. దిగుబడి పెరిగిన మాట నిజమే. కాని ఎగుమతి అంతకన్నా వేగంగా పెరిగింది. 1930ల మధ్య నాటికి పండిన ప్రతి రెండు బస్తాల్లో దాదాపు ఒకటి ఓడ ఎక్కింది. హోనామ్ మైదానం బియ్యం కున్‌సాన్ రేవు దాటిపోతుంటే, దాన్ని పండించిన రైతు మంచూరియా కొర్రలు వండుకున్నాడు. పైగా కాలువ నీటికి రుసుము అతని నెత్తినే పడింది.

రైతు ఊరుకోలేదు. పంటలో ఏడెనిమిది పాళ్లు కౌలుగా గుంజుతున్న భూస్వామిపై 1923లో ఆమ్‌తే దీవి కౌలుదార్లు తిరగబడ్డారు. వందలమంది పడవలెక్కి మొక్‌పో న్యాయస్థానం ముందు అన్నం మానేసి కూర్చున్నారు. 1924లో కౌలును నాలుగు పాళ్లకు దించారు. యీ కీయోంగ్ ‘స్వగ్రామం’, కున్‌సాన్ బియ్యం సట్టాను చూపిన ఛే మాన్‌సిక్ ‘మురికి ప్రవాహం’ 1930ల్లో ఈ నేల మీదనే పుట్టిన నవలలు.

1945లో జపాన్ పోయింది గాని కుంచం రైతు చేతికి రాలేదు. దక్షిణాన అమెరికా సైనిక ప్రభుత్వం ముందు బియ్యానికి స్వేచ్ఛా విపణి అంది. నిల్వదార్లు ధరలు పెంచేశారు. 1946లో అదే ప్రభుత్వం పోలీసులను పెట్టి ధాన్యం వసూలు చేసింది. ఆ అక్టోబరులో దేగు నగరంలో లేచిన తిరుగుబాటుకు ఆకలి ఒక ముఖ్య కారణం.

ఉత్తరాన 1946 మార్చిలోనే భూమి ఉచితంగా పంచారు. ఆ ఒత్తిడి దక్షిణం మీద పడకపోలేదు. 1949-50 చట్టం కుటుంబానికి సుమారు మూడు హెక్టార్ల పరిమితి పెట్టింది. ఏడాది పంటలో 30 శాతం చొప్పున అయిదేళ్లు కడితే భూమి సాగుదారుదే. ఆ సంస్కరణకు పునాది వేసిన తొలి వ్యవసాయ మంత్రి చో బోంగామ్‌ను 1959లో గూఢచారి అని ఉరితీశారు. ఆయన నిర్దోషి అని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది 2011లో!

భూస్వామి పోయిన చోట ప్రభుత్వ సంస్థ వచ్చి కూర్చుంది. 1961లో వ్యవసాయ సహకార సంఘాలను, వ్యవసాయ బ్యాంకును కలిపేశారు. ఆ సమాఖ్య అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు సభ్యులకు 1980ల చివరిదాకా లేదు. 1972 నుంచి ‘తోంగిల్’ వరిని ఊరూరా రుద్దారు. 1960ల్లో మన గోదావరి జిల్లాలకు వచ్చిన ఐ.ఆర్.8 దాని మాతృ రకాల్లో ఒకటి. వేరే రకం వేసినవారి నారుమళ్లను అధికారులు తొక్కించిన సందర్భాలున్నాయి. 1977లో దేశం బియ్యంలో స్వయంసమృద్ధి సాధించిందని చాటారు. మరుసటి ఏడే అగ్గితెగులు విరుచుకుపడింది. 1980 చలికి దిగుబడి దాదాపు మూడో వంతు పడిపోయింది.

హాంప్యోంగ్ రైతుల కథ ఈ వ్యవస్థకు అద్దం. 1976లో చిలగడదుంపలన్నీ కొంటామని సహకార సంఘం మాటిచ్చింది. కొన్నది కొంతే, మిగతావి కుళ్లిపోయాయి. రైతులు పట్టు వదలక 1978లో నిరాహారదీక్ష చేసి నష్టపరిహారం రాబట్టారు.

ఉత్తరం కథ వేరనుకోనక్కర్లేదు. పంచిన భూములు 1958కల్లా సమష్టి క్షేత్రాల్లో కలిసిపోయాయి. కొలిచేదీ పంచేదీ ప్రభుత్వమే అయింది. 1990ల మధ్య ఆ పంపిణీ కుప్పకూలినప్పుడు లక్షల ప్రాణాలు పోయాయి.

దొర, కంపెనీ, సైన్యం, సంఘం, పార్టీ – కుంచం చేతులు మారింది. అది దున్నేవాడి చేతికి కాస్తయినా అందిన రోజులు అతను పోరాడి తెచ్చుకున్నవే. దిగుబడి లెక్క ప్రభుత్వ నివేదికలో ఉంటుంది. ఆ రాత్రి రైతు ఇంట్లో ఏం వండారన్నది అందులో దొరకదు. దాన్ని నమోదు చేయవలసింది రచయితే.