పెరట్లో పాంపే పొయ్యి

పోయినేడు మావారు పెరట్లో కట్టెల ఓవెన్ కడతానన్నప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట "వద్దండీ". ఖర్చు గురించి కాదు. కట్టెలపొయ్యి అంటే నాకు పిజ్జా గుర్తురాదు, మా అమ్మమ్మ కళ్ళు గుర్తొస్తాయి. కృష్ణా జిల్లాలో, పొగచూరిన వంటింట్లో, నేలమీద గొంతుక్కూర్చుని తడికట్టెల్ని ఊదుగొట్టంతో ఊదుతూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ జీవితమంతా వండింది. ఆఖర్న దగ్గుతోనే పోయింది. 1999లో దీపం పథకం కింద ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఇస్తున్నారని విన్నప్పుడు మా అమ్మ, "ఇంకో నాలుగేళ్ళు ముందొచ్చుంటే" అని ఊరుకుంది. అలాంటిది డాలస్‌లో గ్యాసూ కరెంటూ ఉన్న ఇంట్లో, డబ్బు పోసి పొగ కొనుక్కోవడమా?

ఆయన వింటేగా! కాంక్రీటు బ్లాకులు పేర్చి, మధ్యలో ఇనుపచువ్వలు దించి, నడుమెత్తు దిమ్మ కట్టారు. దానిమీద నాలుగంగుళాల స్లాబు. వేడి కిందికి దిగిపోకుండా వర్మిక్యులైట్ కలిపిన సిమెంటు పొర. ఆపైన నిప్పుకి తట్టుకునే ఇటుకలతో నేల, గుమ్మటం. గుమ్మటం లోపలి ఎత్తు ఇరవై అంగుళాలైతే ద్వారం పన్నెండున్నర ఉండాలట. ద్వారం ఎత్తు పెరిగితే వేడి బయటికి పోతుంది, తగ్గితే మంటకి గాలి ఆడదు. కట్టాక కూడా వారంపాటు రోజూ చిన్నచిన్న మంటలే పెట్టాలి. తొందరపడితే ఇటుకల్లో తడి ఆవిరై గుమ్మటం పగులుతుంది.

ఈ తరహాని పాంపే ఓవెన్ అంటారని ఆయన చెప్పాక, ఆ ఊరి సంగతేమిటో చదవడం మొదలుపెట్టాను. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై బూడిదలో కూరుకుపోయిన ఊరు అది. తవ్వకాల్లో ముప్పైకి పైగా బేకరీలు బయటపడ్డాయి. ఇటుక గుమ్మటం, నడుమెత్తు నేల, ముందు చిన్న ద్వారం. ఫొటోలు చూస్తే మా పెరడే! 1862లో ఒక పొయ్యి తెరిస్తే ఆరోజు కాల్చడానికి పెట్టిన 81 రొట్టెలు బొగ్గై అలాగే ఉన్నాయి.

మరి వాటిని చేసిందెవరు? ప్లీనీ అనే రోమన్ రచయిత ఒక మాట రాశాడు. ఆయన చనిపోయిందీ ఆ విస్ఫోటంలోనే. క్రీ.పూ. 171లో మొదలైన మాసిడోనియా యుద్ధం దాకా రోమ్‌లో రొట్టెలు చేసి అమ్మే వృత్తివాళ్ళే లేరట. ఎవరింట్లో వాళ్ళే చేసుకునేవారు, అది ముఖ్యంగా ఆడవాళ్ళ పని అట. అంతే, ఒక్క వాక్యం. ఊరు పుట్టిన దగ్గర్నుంచీ అయిదొందల ఏళ్ళకు పైగా ఆడవాళ్ళు విసిరి, పిసికి, కాల్చిన రొట్టెలన్నీ ఆ వాక్యంలో సర్దుకున్నాయి.

ఆ పనికి డబ్బు రావడం మొదలయ్యాక పేర్లు కనిపిస్తాయి. రోమ్‌లో యూరిసాకెస్ అనే రొట్టెల వ్యాపారి సమాధి ఈనాటికీ ఉంది. ధాన్యం విసరడం నుంచి రొట్టెలు తూయడం దాకా దానిమీద బొమ్మలు చెక్కించాడు. దగ్గర్లోనే అతిస్తియా అనే ఆవిడ శిలాఫలకం దొరికింది. ఆయన భార్యే అంటారు పండితులు. ఆవిడ చాలా మంచి ఇల్లాలు, ఆవిడ అస్థికలు ఈ రొట్టెలబుట్టలో ఉన్నాయి అని ఫలకం మీద రాయించారు. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ పేరైనా దక్కనివాళ్ళు ఇంకెందరో. 2023లో పాంపేలో ఇంకో బేకరీ బయటపడింది. కిటికీలు చిన్నవి, పైకి ఉన్నాయి, వాటికి ఇనుపకమ్మీలు. బానిసల్నీ గాడిదల్నీ అందులో బంధించి తిరగలి తిప్పించేవారు. అక్కడే మూడు అస్థిపంజరాలు దొరికాయి. ఇద్దరు ఆడవాళ్ళు, మూడు నాలుగేళ్ళ బిడ్డ అంటున్నారు. పేర్లు తెలియవు.

ఇది చదివాక ఓవెన్ మీద కోపం పోలేదుగానీ, నా కోపం దేనిమీదో అర్థమైంది. మొదటి అరగంట మా ఓవెనూ పొగ చిమ్ముతుంది. తర్వాత లోపలి మసి కాలిపోయి ఇటుకలు తెల్లబడతాయి, పొగ తగ్గుతుంది. నేను ఆరుబయట నిలబడి, నెలకి రెండుసార్లు, బుద్ధిపుడితే వెలిగిస్తాను. ఓపిక లేకపోతే మానేస్తాను. అమ్మమ్మకి మానేసే వీలు ఒక్కపూటైనా లేదు. ఇవాళ్టికీ ప్రపంచంలో రెండొందల కోట్లకు పైగా జనం పొగపొయ్యిల మీదే వండుకుంటున్నారు. వాళ్ళలో పొయ్యి ముందు కూర్చునేది ఎవరో మనకి చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చిన వాళ్ళు "అన్నయ్యగారు ఎంత బాగా కట్టారండీ!" అంటారు. నిజమే, బాగానే కట్టారు. తెల్లారి లేచి పిండి కలిపింది ఎవరని మాత్రం అడగరు. అందుకే ఒక నియమం పెట్టాం. మంట వెలిగించడం ఆయన సరదా కాబట్టి, బూడిద తియ్యడం కూడా ఆయనదే.

కట్టెలపొయ్యి మంట ఆరితే చల్లారుతుంది. ఈ ఓవెన్ అలా కాదు, ఇటుకల్లో వేడి దాచుకుని మర్నాటి దాకా కొంచెంకొంచెంగా వదులుతుంది. మొదట పిజ్జాలు, తర్వాత రొట్టె, ఆ తర్వాత పప్పు. పోయిన శనివారం అంతా అయ్యాక, నిప్పులన్నీ లాగేసి, ఒక కుండలో పాలు పెట్టి తలుపు మూశాను. పొద్దున తీస్తే లేతెరుపు పాలు, పైన మందంగా మీగడ. అచ్చం అమ్మమ్మ దాలిగుంటలో పిడకల మీద కాగిన పాలే. ఓవెన్ దగ్గరే నిలబడి తాగాను.

మా అమ్మాయి వచ్చి, "ఈ కలరేంటమ్మా?" అంది. అమ్మమ్మ సంగతి చెప్పాను. అంతా విని, "ఆవిడ పేరేంటి?" అంది. పద్నాలుగేళ్ళు వచ్చాయి దానికి, ఆ పేరు నేనింతవరకూ చెప్పనేలేదు. చెప్పాను.